పెరట్లోకి రంగురంగుల పాటపిట్టలు రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: హనుమకొండ పెరడు

అందరికీ నమస్కారం. హనుమకొండ శివారులో ఇల్లు కట్టుకొని ఈమధ్యే చేరాము. ఇంటి వెనుక సుమారు నూట యాభై గజాల ఖాళీ స్థలం ఉంది. అందులో పాత వేపచెట్టు ఒకటి, మేము నాటిన జామ, కరివేపాకు, గోడ వారగా కొన్ని ముద్దమందారాలు ఉన్నాయి. మిగిలిన నేలను ప్రస్తుతానికి చదును చేసి, రోజూ ఊడ్చి శుభ్రంగా ఉంచుతున్నాము. మా అమ్మగారికి పక్షులంటే ప్రాణం. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె ఎక్కువ సేపు వెనుక వరండాలోనే కూర్చుంటారు కనుక, చూడడానికి రంగులు, వినడానికి పాట ఉన్న పిట్టలు అక్కడికే వచ్చేలా చేయాలని మా కోరిక.

యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు చూసి, గింజలు పోసే గొట్టం ఒకటి తెప్పించి, సజ్జలు, పొద్దుతిరుగుడు గింజలు నింపి జామకొమ్మకు వేలాడదీశాము. పొద్దున్నే పావురాలు గుంపులుగా దిగుతున్నాయి, వాటి వెనుక కాకులు, గోరువంకలు వస్తున్నాయి. వీడియోలలో చూసినట్లు పాడే పిట్ట ఒక్కటీ ఆ గొట్టం మీద వాలలేదు. అయితే పోయిన వారం మందారాల దగ్గర మాత్రం బొటనవేలంత చిన్న పిట్ట ఒకటి కనిపించింది. ముక్కు సన్నగా, కిందికి వంగి ఉంది. వీపు మట్టి రంగు, పొట్ట లేత పసుపు, గొంతు నడిమి నుంచి కిందికి నల్లటి చార. ఎండ పడినప్పుడు రెక్క మీద నీలం మెరిసింది. అది ఏ పిట్ట? అటువంటివి రోజూ రావాలంటే చక్కెర నీళ్లు పెట్టవచ్చా? చెక్క గూళ్లు కొని తగిలిస్తే ప్రయోజనం ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

మీరు చూసినది తేనెపిట్ట. అందులోనూ ఊదా తేనెపిట్ట మగది. గుడ్లు పెట్టే కాలంలో దాని ఒళ్లంతా నలుపు కలిసిన ఊదా, నీలం రంగులతో లోహంలా మెరుస్తుంది. ఆ కాలం ముగిశాక ఆ ఈకలు రాలిపోయి, దాదాపు ఆడపిట్టలాగే పసుపు పొట్టతో తిరుగుతుంది. మగది అని తెలిపే గుర్తుగా గొంతు మీది నుంచి దిగే నల్లచార ఒక్కటే మిగులుతుంది. మీరు రెక్క మీద చూసిన నీలం మెరుపు కూడా అందుకే. అమ్మగారికి చెప్పండి, చలి తగ్గేసరికి ఆ పిట్టే పూర్తి రంగులతో, ఎత్తైన కొమ్మ చివర కూర్చొని గడగడా పాడుతూ కనిపించవచ్చు. దాని వెంట మరో రకం కూడా రావచ్చు. అది వీపు ముదురు ఎరుపు, పొట్ట పసుపు, నెత్తిన పచ్చని మెరుపు ఉన్న చిన్న తేనెపిట్ట. దాని మగది ఏడాది పొడవునా అదే రంగులో ఉంటుంది.

ఇక గింజల గొట్టం సంగతి. ఆ పద్ధతి పుట్టిన చోట్ల రంగుల పిట్టలలో చాలా భాగం గింజలు ఒలుచుకొని తినేవి. మన పెరళ్లలో పాడేవి, రంగులున్నవి అత్యధికం తేనె, పండ్లు, పురుగుల మీద బతికేవి. తేనెపిట్టకు పొద్దుతిరుగుడు గింజతో పని లేదు. పిగిలిపిట్ట (బుల్బుల్) పండు వెతుక్కుంటుంది, నలుపు తెలుపుల పెద్ద నల్లంచి నేల మీద పురుగును ఏరుకుంటుంది, పసుపు, ఆకుపచ్చ కలిసిన చిన్న పచ్చజిట్ట ఆకుల మాటున గొంగళిపురుగులను పట్టుకుంటుంది. కాబట్టి గింజలు పోసినంత కాలం వచ్చేది పావురాలే. అవి గుంపుగా స్థిరపడితే చిన్న పిట్టలు దగ్గరకు రావడానికి జంకుతాయి. పైగా పావురాల ఎండిన రెట్టల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. వరండాలో పెద్దవారు కూర్చుంటారు కనుక ఆ గొట్టాన్ని ముందు తీసేయమని నా సలహా.

దాని బదులు మొక్కల మీద ఖర్చు పెట్టండి. మీ దగ్గర ఉన్న ముద్దమందారం చూడడానికి బాగుంటుంది కానీ, రెక్కలు కిక్కిరిసి ఉండడం వల్ల తేనె అందడం కష్టం. ఒంటిరెక్క ఎర్రమందారం రెండు మూడు నాటితే తేడా మీకే తెలుస్తుంది. అక్కడ తేనెపిట్ట చేసే పనిని ఒకసారి దగ్గరగా గమనించండి: పువ్వు ముందు వైపు నుంచి కాకుండా, తొడిమ దగ్గర వాలి, పూరెక్కల మొదట్లో ముక్కుతో చిన్న చీలిక చేసి, అందులోకి నాలుక పోనిచ్చి తేనె పీలుస్తుంది. సాయంత్రం రాలిన పూలను ఏరి చూస్తే మొదలు దగ్గర ఆ చీలికలు కనిపిస్తాయి. నూరువరహాలు, అడ్డసరం, దానిమ్మ, మునగ, చోటు ఉంటే ఒక అరటి పిలక, ఇవన్నీ తేనెపిట్టలకు ఇష్టమైనవే. అరటిపువ్వు దొప్ప ఒక్కొక్కటిగా విచ్చుకొనేటప్పుడు వాటి కింద వరుసగా ఉండే లేతపూల కోసం పొద్దున్నే జంటగా వస్తాయి. నర్సరీలలో హమీలియా అనే పొద దొరుకుతుంది. అది మన నేల మొక్క కాకపోయినా, నీళ్లు పోస్తే ఏడాదిలో ఎక్కువ కాలం నారింజ రంగు గొట్టాల వంటి పూలు ఇస్తుంది. వేలాది రూపాయల సామాను కంటే ఆ ఒక్క పొద ఎక్కువ పిట్టలను తెస్తుంది.

పండ్ల సంగతికి వస్తే మీకు సగం పని ఇప్పటికే అయిపోయింది. వేపపండ్లకు, కరివేపాకు చెట్టు నల్లటి పండ్లకు పిగిలిపిట్టలు, కోయిలలు ఎగబడతాయి. ఆకు కోసమని కరివేపాకును ప్రతిసారీ పొట్టిగా నరికేస్తే అది పూతకు రాదు, కనుక ఒక కొమ్మను పైకి పోనివ్వండి. త్వరగా ఫలితం కావాలంటే సింగపూర్ చెర్రీ నాటండి. అది రెండేళ్లలోనే గొడుగులా పరుచుకొని, దాదాపు ఏడాదంతా చిన్న తియ్యని పండ్లు కాస్తుంది. జామకాయలకు మాత్రం నైలాన్ వల కప్పవద్దు. పిట్టల కాళ్లు, రెక్కలు అందులో చిక్కుకొని, విడిపించుకోలేక చనిపోతాయి. అందే ఎత్తులోని కాయలకు గుడ్డ సంచులు కట్టుకొని, చిటారు కొమ్మలవి పిట్టలకు వదిలేస్తే సరిపోతుంది.

ఒక్క మాట గింజల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పద్ధతి ఒకటి ఉంది. మా కోనసీమ వైపు వరికంకులను అందంగా అల్లి, ఇంటి చూరుకు, గుడి మండపానికి కుచ్చులుగా వేలాడదీస్తారు. వాటికి పిచ్చుకలు వస్తాయి. కంకిని పట్టుకొని వేలాడుతూ ఒక్కొక్క గింజ ఒలుచుకోవడం పిచ్చుకకు తేలిక, పావురానికి కష్టం. మీకు గింజలు పెట్టాలనే ఉంటే గొట్టం కాకుండా ఇటువంటి కుచ్చు కట్టండి. గోడ మూలలో గుప్పెడు కొర్రలు, సజ్జలు చల్లి కంకి కోయకుండా వదిలేసినా జీనువాయిలు అనే చిన్న గింజల పిట్టలు గుంపుగా దిగుతాయి.

సమాధానం: మిద్దెతోట, హైదరాబాద్

పైన చెప్పిన మొక్కలు పెరగడానికి సమయం పడుతుంది. నీళ్లు మాత్రం ఈ రోజే పెట్టవచ్చు. నా అనుభవంలో తిండి కంటే నీటికే ఎక్కువ రకాల పిట్టలు వస్తాయి, ఎందుకంటే పురుగులు తినేది, పండ్లు తినేది, తేనె తాగేది, అన్నిటికీ స్నానం కావాలి.

కుమ్మరి దగ్గర దొరికే వెడల్పాటి మట్టి మూకుడు చాలు. లోతు రెండు అంగుళాలు దాటకూడదు. లోపల గరుకుగా ఉండాలి. నున్నటి పింగాణీ, స్టీలు పళ్లేలలో చిన్న పిట్టల కాళ్లు జారిపోతాయి. మధ్యలో ఒక చదునైన రాయి పెడితే తేనెపిట్ట వంటి చిన్నవి దాని మీద వాలి అంచున తడుపుకుంటాయి. రోజూ ఉదయం నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి మళ్లీ నింపండి. ఇది తప్పనిసరి. నిలవ నీళ్లలో దోమ గుడ్డు పిల్లదోమగా ఎగరడానికి వారం పది రోజులు సరిపోతాయి, మురికి నీళ్ల ద్వారా పిట్ట నుంచి పిట్టకు రోగాలు కూడా పాకుతాయి.

మూకుడును ఎక్కడ పెడతామన్నది అంతకంటే ముఖ్యం. తడిసిన పిట్ట వెంటనే ఎగరలేదు. పిల్లి పొంచి ఉండేది ఆ క్షణం కోసమే. అందుకని నేల మీద కాకుండా నాలుగడుగుల ఎత్తు దిమ్మె మీద, చుట్టూ కొంత ఖాళీ ఉండేలా పెట్టి, ఐదారు అడుగుల దూరంలో తప్పించుకోవడానికి గోరింట వంటి గుబురు పొద ఉండేలా చూసుకోండి. మధ్యాహ్నం నీడ పడే చోటైతే వేసవిలో నీళ్లు సలసల కాగకుండా ఉంటాయి.

మీది కొత్త ఇల్లు కనుక వెనుక వైపు పెద్ద అద్దాల కిటికీలు ఉండి ఉంటాయనుకుంటాను. అద్దంలో చెట్టు ప్రతిబింబం చూసి, అది నిజమైన చెట్టే అనుకొని పిట్టలు వేగంగా వచ్చి గుద్దుకుంటాయి. అద్దానికి బయటి వైపు రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలో, గీతలో అతికిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. అద్దం మీద ఒక్క గద్ద బొమ్మ అంటిస్తే ఉపయోగం ఉండదు.

సమాధానం: డల్లాస్ తెలుగు పెరడు

మీరు చూసిన వీడియోలు ఎక్కువగా మా వైపువే అయి ఉంటాయి కనుక ఒక్క విషయం చెబుతాను. మా పెరట్లో పొద్దుతిరుగుడు గింజలు పోస్తే ఎర్రటి కార్డినల్ పక్షులు వస్తాయి. గింజను చితక్కొట్టగల లావుపాటి ముక్కు వాటిది. ఒక పాలు చక్కెరకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపి పెడితే గాలిలో నిలిచి తాగే హమ్మింగ్ పక్షులు వస్తాయి. అవి అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేవు. మన తేనెపిట్టలు వేరే జాతి. అవి సాధారణంగా కొమ్మ మీదో పువ్వు మీదో వాలి తాగుతాయి.

చక్కెర నీళ్లు తేనెపిట్టలు తాగవని కాదు, తాగుతాయి. కానీ తెలంగాణ ఎండలకు ఆ నీళ్లు కొన్ని గంటలలోనే పులిసిపోతాయి, చీమలు పడతాయి, గిన్నెలో బూజు పడుతుంది. ఇక్కడ కూడా వేసవిలో రోజూ మార్చి కడగలేనివారు పెట్టకపోవడమే మంచిదని చెబుతారు. తేనె, బెల్లం, రంగు కలిపిన నీళ్లు అసలు వద్దు. మీకు ఏడాది పొడవునా పూలు పూయించుకొనే వాతావరణం ఉంది. మాకు చలికాలంలో ఆ అవకాశం లేదు. పూల మొక్కలు పెంచగలిగిన చోట చక్కెర నీళ్ల సీసా అవసరం లేదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: హనుమకొండ పెరడు

అందరికీ కృతజ్ఞతలు. గొట్టం ఈ రోజే తీసేశాను. అమ్మ అడగమన్న ప్రశ్నలు రెండు ఉన్నాయి. తెల్లవారుజామున పాడే పిట్టలు ఏవో పేర్లతో తెలుసుకోవడం ఎలా? రెండవది, మా బంధువు ఒకరు సంతలో చిన్న చిన్న రంగు పిట్టలు పంజరాలలో అమ్ముతున్నారని, నాలుగు జతలు కొని మన పెరట్లో వదిలితే అక్కడే ఉండిపోతాయని అంటున్నారు. అది సరైనదేనా?

సమాధానం: శేషాచలం దారి, తిరుపతి

రెండవ ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను: దయచేసి కొనవద్దు. పంజరాలలో అమ్మే జీనువాయిలు, చిలుకలు పొలాలలోనూ అడవులలోనూ వలవేసి పట్టినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. కొన్నిటికి రంగులు కూడా పూస్తారు. వలలో, పంజరంలో నలిగిన పిట్టను కొత్త చోట వదిలితే నీళ్లు ఎక్కడున్నాయో, రాత్రి ఎక్కడ దాక్కోవాలో దానికి తెలియదు. చాలా వరకు బతకవు. దయతో కొని వదిలిన ప్రతి జతకూ బదులుగా వలవేసేవాడు మరో జతను పట్టుకొస్తాడు. ఈ విషయంలో నాకు ఏమాత్రం సందేహం లేదు.

ఇక పాట. మీ వైపు పెరళ్లలో మొదట నేర్చుకోవలసిన గొంతు పెద్ద నల్లంచిది. నలుపు తెలుపు తప్ప రంగులేమీ లేని పిట్ట, తోక నిక్కబొడుచుకొని తిరుగుతుంది, బంగ్లాదేశ్‌కు అది జాతీయ పక్షి. చలికాలంలో పెద్దగా నోరు మెదపదు. ఫాల్గుణం వచ్చేసరికి మగది ఇంకా చీకటి ఉండగానే టీవీ ఏంటెన్నా మీదో కొబ్బరిమట్ట చివరో కూర్చొని, ఈలలను తిప్పి తిప్పి, ఇతర పిట్టల గొంతులు కూడా కలిపి వేసవి అంతా పాడుతుంది. అమ్మగారి వరండాకు ఇంతకు మించిన గాయకుడు దొరకడు. ‘టువిట్, టువిట్’ అని పిట్ట పరిమాణానికి మించిన గొంతుతో అదే పనిగా అరిచేది దర్జీపిట్ట. అది మందారం వంటి వెడల్పు ఆకుల అంచులకు ముక్కుతో రంధ్రాలు చేసి, సాలెగూటి దారంతో, పత్తి పోగులతో కుట్టి ఆ దొన్నెలో గూడు కడుతుంది. సన్నగా సాగదీసిన ఈల వేసి చివర దించేది పచ్చజిట్ట. ఆగకుండా ‘టుక్ టుక్’ మనేది కంసాలి పిట్ట. అది పాటపిట్టల కోవలోకి రాదు, కానీ ఎర్రని నుదురు, పసుపు గొంతు, పచ్చని ఒళ్లు చూశాక ఎవరూ ఆ లెక్క అడగరు.

గుర్తుపట్టడానికి కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర కేంద్రం వారి మెర్లిన్ యాప్ ఉచితం. మన దేశపు పక్షుల సమాచారం దింపుకొని ఫోను వరండాలో పెడితే పాడే పిట్ట పేరు చూపిస్తుంది. పొరపాట్లు కూడా చూపిస్తుంది, కనుక పిట్టను కళ్లతో చూశాకే నమ్మండి. అందులోని పాటను బిగ్గరగా వినిపించి పిట్టను రప్పించే పని మాత్రం చేయవద్దు. మరో మగది తన చోటులోకి చొరబడిందనుకొని అది తిండి మాని, గూడు వదిలి వెతుక్కుంటుంది. గూళ్లు కట్టే రోజులలో ఇది దానికి నిజమైన హింస. చూసిన వాటిని ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో రాసి పెడితే ఉపయోగపడుతుంది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో కేవలం పదిహేను నిమిషాలు కూర్చొని చూసినా పాల్గొనవచ్చు, అమ్మగారికి అది బాగా నచ్చుతుందని నా నమ్మకం.

మీరు ఒక మాట రాశారు, నేలను రోజూ ఊడ్చి శుభ్రంగా ఉంచుతున్నామని. దాని గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. పెరడంతా కాకపోయినా, వేపచెట్టు కింద, గోడ మూల వరకు రాలిన ఆకును అలాగే వదిలేయండి. ఆ ఆకుల కింద చెదలు, పేడపురుగులు, వానపాములు ఉంటాయి. నల్లంచికి అదే వంటిల్లు. అదృష్టం కలిసివస్తే అక్టోబరు నుంచి వేసవి మొదటి వరకు పొన్నంగి పిట్ట కూడా ఆ ఆకులనే వెతుక్కుంటూ రావచ్చు. పచ్చ, నీలం, ఎరుపు, నలుపు, తెలుపు, అన్నీ కలిసి ఉండడం వల్ల హిందీలో దానిని నవరంగ్ అంటారు. మధ్య, ఉత్తర భారతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణానికి వస్తుంది. దారిలో అలసిపోయి ఊళ్ల మధ్య పెరళ్లలో కూడా దిగుతుంది. సిమెంటు చేసిన నేల మీద, ఊడ్చిన నేల మీద దానికి తినడానికి ఏమీ దొరకదు. పొడవాటి తెల్లతోక ఉన్న తోకపిగిలి, పసుపుపచ్చని వంగపండు పిట్ట కూడా చలికాలంలోనే ఎక్కువగా కనిపిస్తాయి కనుక ఇప్పుడు వేపచెట్టు మీద ఒక కన్ను వేసి ఉంచండి.

పురుగుమందు చల్లడం పూర్తిగా ఆపాలి. తేనె తాగే తేనెపిట్ట కూడా తన పిల్లలకు సాలెపురుగులు, చిన్న పురుగులే పెడుతుంది. తేనెతో పిల్లలు పెరగవు. మందారానికి పిండినల్లి పడితే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి, మరీ ఎక్కువైతే ఆ కొమ్మ కత్తిరించండి. మూలల్లోని సాలెగూళ్లు కూడా కొన్ని ఉండనివ్వండి. తేనెపిట్ట తన వేలాడే సంచి వంటి గూటిని ఆ దారాలతోనే బిగిస్తుంది.

చెక్క గూళ్ల విషయం: చాలా పాటపిట్టలు వాటిని ముట్టవు. పిగిలి పొదలో గిన్నెలా కట్టుకుంటుంది, తేనెపిట్ట కొమ్మకు వేలాడదీస్తుంది, దర్జీపిట్ట ఆకు కుట్టుకుంటుంది. తొర్రలు, గోడ కంతలు వెతుక్కొనే పెద్ద నల్లంచి, గోరువంక, పిచ్చుకలకే పెట్టె పనికివస్తుంది. నల్లంచి కోసమైతే ఒక పెట్టె చాలు, అది తన చుట్టుపక్కల మరో మగదాన్ని రానివ్వదు. సుమారు రెండు అంగుళాల రంధ్రం పెట్టి, ముందు నిలబడే పుల్ల లేకుండా, ఎనిమిది పది అడుగుల ఎత్తున, పడమటి ఎండ తగలని చోట సంక్రాంతి లోపే బిగించండి. కంసాలి పిట్ట కోసం పెట్టె కొననవసరం లేదు: మునగచెట్టు ఎండుకొమ్మను నరకకుండా ఉంచితే, అదే ముక్కుతో గుండ్రని తొర్ర తొలుచుకుంటుంది. ఆ కొమ్మ ఎవరి మీదా పడే చోట లేకుంటే చాలు.

గూడు కనిపించినప్పుడు ఫొటో కోసం దగ్గరకు వెళ్లి ఆకులు తప్పించవద్దని ఇంట్లో పిల్లలకు చెప్పండి. ఆ దారి చూసుకొనే కాకి, జెముడుకాకి గుడ్ల మీదికి వస్తాయి. పిగిలిపిల్లలు సరిగా ఎగరడం రాకముందే గూటి నుంచి దూకేస్తాయి. నేల మీద అటువంటి పిల్ల కనిపిస్తే ఇంట్లోకి తేకుండా, ఎత్తి దగ్గరలోని పొదలో పెట్టి, పిల్లిని అటు రాకుండా చూసుకోండి. తల్లీ తండ్రీ అక్కడికే పురుగులు తెచ్చి పెడతాయి.

ప్రశ్న అడిగినవారు: హనుమకొండ పెరడు

ఎంతో ఓపికగా రాశారు, ధన్యవాదాలు. మా బంధువుకు విషయం వివరించాను, సంత ఆలోచన మానుకున్నారు. ఒంటిరెక్క మందారాలు, హమీలియా, సింగపూర్ చెర్రీ ఈ ఆదివారం తెస్తాము. వేప కింద ఆకు ఊడ్వవద్దని పనిచేసే అక్కకు చెప్పాను, కొర్రల కోసం గోడ మూలన మడి కూడా తీశాము. నల్లంచి పెట్టె కోసం తూర్పు గోడ చూశాను, కానీ అది మా వంటగది పొగగొట్టానికి దగ్గరగా ఉంది. వేపచెట్టు మానుకు ఉత్తరం వైపు బిగిస్తే ఫరవాలేదా?

సమాధానం: శేషాచలం దారి, తిరుపతి

మానుకే బిగించండి. మేకులు కొట్టకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి, చెట్టు లావెక్కిన కొద్దీ ఏటా ఒకసారి వదులు చేయండి. పిల్లి ఎక్కకుండా పెట్టె కింద మానుకు చుట్టూ రెండడుగుల వెడల్పు నున్నటి రేకు చుట్టండి. పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసి, వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి మళ్లీ పెడితే వచ్చే వేసవికి సిద్ధంగా ఉంటుంది.